కడప నుంచి మైపాడు సముద్రానికి కుక్కను తీసుకెళ్లాలంటే

కడపలో పెరిగిన కుక్కకు ఇసుకంటే పెన్న ఇసుకే. అలలు, ఉప్పునీళ్లు దానికి తెలీవు. అందుకే ముందు రెండు మూడు ఆదివారాలు సిద్ధవటం దగ్గర ఏట్లోకి తీసుకెళ్లి, పది మీటర్ల తాడు కట్టి తిప్పండి. పిలిస్తే వెనక్కి రావాలి, ‘వదులు’ అంటే నోట్లోది వదిలేయాలి. ఈ రెండూ రాని కుక్కను చేపల ఊరికి తీసుకుపోవద్దు. రేబిస్ టీకా గడువు కూడా చూసుకోండి, తీరంలో ఊరకుక్కలు ఎదురుపడతాయి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయాలు చల్లగా ఉంటాయి. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం మానుకోండి. బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు మీదుగా దాదాపు నాలుగు గంటల దారి. తెల్లవారుజామున రెండున్నరకు బయల్దేరితే ఎండ ముదరకముందే చేరతారు. తిండి ముందురోజు రాత్రే పెట్టేయండి. నిండు కడుపుతో ఎక్కిస్తే వెలిగొండల మలుపుల్లో వాంతి చేసుకుంటుంది.

ఇరవై కిలోల కుక్క మామూలుగా రోజుకు లీటరు, లీటరుంబావు నీళ్లు తాగుతుంది. ఇసుకలో పరిగెత్తితే అంతకు రెట్టింపు కావాలి. తాగడానికి మూడు లీటర్లు, కడగడానికి ఇరవై లీటర్ల క్యాను ఒకటి పెట్టుకోండి.

తీరంలో పడవలు, వలలు ఉన్నచోట తాడు విప్పొద్దు. ‘అన్నా, కుక్కను ఎటువైపు తిప్పుకోమంటారు?’ అని అడిగి, వాళ్లు చూపిన వైపు దూరంగా నడవండి. ఎండుచేపలు ఆరబెట్టేది ఆ ఇసుక మీదే. అక్కడ కుక్క ఒక్కసారి కాలెత్తినా వాళ్ల సరుకు పాడవుతుంది. దొడ్డికి కూర్చుంటే కవర్లో ఎత్తి వెంట తెచ్చేయండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టే కాలం. ఆ నెలల్లో చీకట్లో తిప్పొద్దు, ఎక్కడా ఇసుక తవ్వనివ్వొద్దు.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది ఉప్పునీళ్లతోనే. ఆటలో బంతితోపాటు నీళ్లూ గుటకలు గుటకలుగా మింగేస్తుంది. దాహం ఇంకా పెరిగి మళ్లీ అవే తాగుతుంది. కొంచెమైతే నీళ్ల విరేచనాలతో సరిపోతుంది. ఎక్కువైతే వాంతులు, తూలడం, వణుకు మొదలవుతాయి. అప్పుడు ఆలస్యం చేయకుండా నెల్లూరులో పశువుల డాక్టరుకు చూపించాలి. కాబట్టి పావుగంటకోసారి నీడకు పిలిచి మంచినీళ్లు పట్టండి. గుండెలోతు దాటి లోపలికి పోనివ్వొద్దు.

వలల్లోంచి తీసి పారేసిన చేపల మీద కూడా కన్నేసి ఉంచండి. బంతిలా ఉబ్బిన చేప విషం, చచ్చినా విషమే. గాలం ముల్లు పెదవికి గుచ్చుకుంటే లాగొద్దు, దాని కొన వెనక్కి మళ్లి ఉంటుంది కనక కండ చీలిపోతుంది. కుక్క పంజాతో పీక్కోకుండా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అరచేతి వెనకభాగం ఇసుక మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి, వెంటనే బయల్దేరండి. కారెక్కించే ముందు ఒళ్లంతా మంచినీళ్లతో కడగాలి. పాదం తిప్పి, ఒక్కో వేలి సందూ విడదీసి నీళ్లు పోయండి. అక్కడ ఉప్పు ఇసుక ఆరిపోతే దారి పొడుగునా నాకుతూనే ఉంటుంది, తెల్లారేసరికి పుండు పడుతుంది. చెవుల బయటి భాగాన్ని పొడిగుడ్డతో తుడవండి, లోపలికి బడ్స్ పెట్టొద్దు.