మేలుజాతి గొర్రెల పెంపకం – 6వ పాఠం: సూదితో చూలు, లాభం ఎక్కడ, ముప్పు ఎక్కడ

పోయిన పాఠంలో మంద పుస్తకం రాయడం మొదలుపెట్టాం. చెవి పోగు నంబరు, తల్లి నంబరు, తండ్రి నంబరు, పుట్టినప్పటి బరువు, 3 నెలల బరువు, 6 నెలల బరువు. ఈ ఆరు గడులు నింపనివాళ్లు ఈ పాఠం చదవండి, పని మాత్రం అప్పుడే మొదలుపెట్టకండి. ఎందుకో పాఠం సగానికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఎక్కడికి వెళ్లినా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "గోపాలమిత్ర ఇంటికొచ్చి బర్రెకు సూది వేసి పోతాడు కదా, గొర్రెకు ఎందుకు వేయడు?" గోపాలమిత్ర అంటే ఊళ్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే మనిషి. సూది అంటే ఇక్కడ ఆ పనే, పొట్టేలు లేకుండా వీర్యాన్ని మనమే గొర్రెకు ఎక్కించడం. ఆ ప్రశ్నకు జవాబు మాటల్లో చెబితే సగమే అర్థమవుతుంది. ముందు ఈ పని చేయండి.

మాంసం కొట్టు అతన్ని అడిగి, ఈనిన గొర్రె గర్భసంచి ఒకటి తెప్పించుకోండి. చేతులకు తొడుగులు వేసుకోవడం మరవొద్దు, ఈసుడు రోగం (బ్రూసెల్లోసిస్) మనుషులకూ అంటుకుంటుంది. సంచికి ముందు రెండు మూడు అంగుళాల పొడవున గట్టిగా, నొక్కితే మెత్తని ఎముకలా తగిలే భాగం ఉంటుంది. అదే గర్భాశయ ముఖద్వారం. బయటివైపు నుంచి దాంట్లోకి సన్నని పెన్ను రీఫిల్ దూర్చి చూడండి. మొదటి మడత దగ్గరో రెండో మడత దగ్గరో ఆగిపోతుంది. బలవంతం చేస్తే గోడలోకి గుచ్చుకుంటుంది. ఇప్పుడు కత్తెరతో పొడవునా కోసి తెరవండి. లోపల 4 నుంచి 7 దాకా ఉంగరాల్లాంటి మడతలు కనిపిస్తాయి. వాటి రంధ్రాలు ఒకే వరుసలో ఉండవు. ఒకటి మధ్యలో ఉంటే, తర్వాతది పక్కకు జరిగి ఉంటుంది. బర్రెకైతే పేడదారిలో చెయ్యి పెట్టి ముఖద్వారాన్ని పట్టుకుని, వీర్యం వేసే సన్నని గొట్టాన్ని (గన్ను) లోపలికి నడిపిస్తారు. గొర్రెలో చెయ్యి పట్టదు. గొర్రె సూదిలో ఉన్న చిక్కంతా ఆ మడతల్లోనే ఉంది.

అందుకే గొర్రెకు వీర్యాన్ని ముఖద్వారం మొదట్లో వదలడమే మన చేతిలో ఉన్న పని. అక్కడి నుంచి మడతలు దాటి ఈదుకుంటూ పోవడం వీర్యకణాల పని. తాజా వీర్యకణాలకు ఆ సత్తువ ఉంటుంది. ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి కరిగించిన వాటిలో చాలావాటికి ఉండదు. అందుకే గడ్డకట్టించిన వీర్యాన్ని ముఖద్వారం దగ్గర వదిలితే చూలు నిలిచేవి చాలా తక్కువ. ఈ చిక్కుకు 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలో దారి దొరికింది. గొర్రెను ముందురోజు నుంచి మేత లేకుండా ఉంచి, తల కిందికి వచ్చేలా స్టాండు మీద కట్టి, పొదుగుకు ముందు పొట్ట మీద రెండు చిన్న రంధ్రాలు చేస్తారు. ఒక దాంట్లోంచి లాపరోస్కోపుతో (పొట్ట లోపల చూపే సన్నని గొట్టంతో) చూస్తూ, రెండో దాంట్లోంచి గర్భసంచి కొమ్ముల్లోకే వీర్యం ఎక్కిస్తారు. ఇది పశువైద్యుడి పని. మత్తు, గాయం, చీము, అన్నీ ఉన్న వ్యవహారం. వీడియో చూసి దొడ్డిలో ప్రయత్నించకండి. ఈ పాఠమాలలో మనం నేర్చుకునేది తాజా వీర్యంతో చేసే పని మాత్రమే.

ఇక లెక్కకు వద్దాం. మంచి పొట్టేలు ఒకసారి ఇచ్చే వీర్యం సుమారు 1 మిల్లీలీటరు. ఒక మిల్లీలీటరులో 300 కోట్ల కణాలు ఉన్నాయనుకోండి. ముఖద్వారం దగ్గర వదలడానికి గొర్రెకు 20 కోట్ల కణాలు కావాలి. అంటే ఒక్క సేకరణతో 15 గొర్రెలు. రోజుకు రెండు మూడుసార్లు తీస్తే 30, 40 గొర్రెలు. మందలో వదిలిన పొట్టేలు ఎద కాలమంతా తిరిగి చేసే పని ఒక్క రోజులో అయిపోతుంది.

చాలామంది లాభం ఇక్కడే ఉందని ఆగిపోతారు. నా దృష్టిలో అసలు లాభం వేరే ఉంది. మీ మందలో జొడిపి (నెల్లూరు జాతిలో ఒక రకం) పిల్ల 3 నెలలకు 16 కిలోలు తూగింది, పక్క ఊరి మందలో 13 కిలోలే తూగింది అనుకోండి. మీ పొట్టేలు గొప్పదా, మీ మేత గొప్పదా? చెప్పలేం. అదే ఒక పొట్టేలు వీర్యంతో రెండు మందల్లోనూ కొన్ని పిల్లలు పుడితే, ఆ పిల్లలే కొలబద్ద అవుతాయి. వాటితో పోల్చితే మీ పొట్టేలు పిల్లలు ఎంత మెరుగో, పక్క ఊరి పొట్టేలు పిల్లలు ఎంత మెరుగో తేలుతుంది. బ్రిటన్‌లో మేలుజాతి గొర్రెల పెంపకందారులు ఈ పద్ధతితోనే దూరదూరపు మందలను ఒకదానితో ఒకటి ముడివేశారు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. ఇన్ని గొర్రెలున్నా, ఏ మంద పొట్టేలు నిజంగా మేలైనదో తూచి చెప్పే రైతులు ఎంతమంది? పలమనేరు పశు పరిశోధన స్థానంలో నెల్లూరు జాతి మీద ఏళ్ల తరబడి బరువులు రాసి పొట్టేళ్లను ఎంచుతున్నారు. ఆ క్రమశిక్షణ మన దొడ్ల దాకా రావాలి.

ఇప్పుడు ముప్పు. సూది పొట్టేలులోని మంచిని పంచినట్టే చెడునూ పంచుతుంది. వృషణాల్లో ఒకటి కిందికి దిగని లోపమో, కింది దవడ పొట్టిగా ఉండే లోపమో పొట్టేలు రక్తంలో దాగి ఉంటే, మామూలుగా ఒక మందలోనే బయటపడుతుంది. సూదితో అయితే నాలుగు ఊళ్లలో పుట్టేదాకా ఎవరికీ తెలియదు. ఇక రక్తం దగ్గరవడం. తండ్రి ఒకటే అయి తల్లులు వేరైన ఆడ, మగ జత కడితే, పుట్టే పిల్లకు అంతఃప్రజనన లెక్క (రక్తం ఎంత దగ్గరైందో చెప్పే కొలత) 12.5 శాతం. పొట్టేలు తన కూతురినే దాటితే 25 శాతం. చుట్టుపక్కల మందలన్నీ ఒకే పొట్టేలు వీర్యం వాడితే, మూడేళ్ల తర్వాత కొత్త రక్తం కోసం మీరు కొనుక్కొచ్చే పొట్టేలు కూడా మీ గొర్రెకు అన్నే అవుతుంది. చెవి పోగు, తండ్రి నంబరు గడి నిండకుండా పని మొదలుపెట్టొద్దని అన్నది ఇందుకే.

రోగాల సంగతి. పొట్టేలును తోలుకురావడం కన్నా వీర్యం తెచ్చుకోవడం నిజంగా క్షేమమే, కానీ పరీక్ష చేయించిన పొట్టేలు అయితేనే. ఈసుడు రోగం వీర్యంలో వస్తుంది. మన దగ్గర వానాకాలంలో మందలను ఊడ్చే మూతివాపు రోగం (నీలినాలుక) వైరస్ కూడా రోగమున్నప్పుడు వీర్యంలో కనబడుతుంది. రక్తపరీక్ష కాగితం చూపనివాడి దగ్గర ఒక్క చుక్క కూడా తీసుకోకండి, అతను మీ బావమరిది అయినా సరే.

గొర్రె ఎద చక్రం 17 రోజులు, ఎద ఉండేది ఒకటిన్నర రోజే. 40 గొర్రెలను ఒకే రోజు ఎదకు తేవాలంటే యోనిలో పెట్టే హార్మోను స్పాంజీలు వాడాలి. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెల సంస్థ మన దేశంలోనే వీటిని తయారుచేసింది. జూన్ 1న స్పాంజీ పెట్టారనుకోండి. 13న పొద్దున 8 గంటలకు తీసేసి, డాక్టరు చెప్పిన మోతాదులో పీఎంఎస్‌జీ (అండాలు పెరిగి విడుదలయ్యేలా చేసే హార్మోను) ఇంజెక్షన్ ఇప్పిస్తారు. 15న మధ్యాహ్నం 12కు, అంటే 52 గంటలకు, వీర్యం వదులుతారు. స్పాంజీ తీసేటప్పుడు వాసన, జిగురు మామూలే, కంగారు పడొద్దు. ఒక్క ఈత కూడా లేని పడుచు గొర్రెకు పెట్టొద్దు. గర్భిణి స్త్రీలతో స్పాంజీలు ముట్టనివ్వొద్దు. "ఇంకాస్త ఎక్కువ వేస్తే కవల పిల్లలొస్తాయి కదా" అని ఇంజెక్షన్ మోతాదు పెంచమని అడిగేవాళ్లున్నారు. ఒక్క పిల్లకే పాలు చాలే గొర్రెకు ముగ్గురు పుడితే, ముగ్గురిలో ఎందరు బతుకుతారో మీరే ఆలోచించండి.

వీర్యం వదిలాక నెల రోజులు ఆ గొర్రెలను దూరం నడిపించొద్దు, లారీ ఎక్కించొద్దు. నట్టల మందుగా ఆల్బెండజోల్ అస్సలు తాపొద్దు. మొదటి నెలలో అది కడుపులోని పిల్లకు హాని చేస్తుంది. నట్టల మందు స్పాంజీకి ముందే అయిపోవాలి.

బాగా చేసినా తాజా వీర్యంతో సగం, అటూ ఇటుగా, నిలుస్తాయి. మిగతావాటి కోసం మందలో పొట్టేలును వదలాలి. ఎప్పుడన్నది ముఖ్యం. నా మొదటి ఏడాది సూది వేసిన ఐదో రోజే తొందరపడి వదిలేశాను. ఈతలు వచ్చాక తొమ్మిది పిల్లల తండ్రి ఎవరో చెప్పలేకపోయాను. అన్నీ తెల్లటి ఒంటి మీద, కళ్ల చుట్టూ నల్లటి మచ్చలతో చూడముచ్చటైన జొడిపిలే. పుస్తకంలో వాటి తండ్రి గడిలో గీత కొట్టాల్సి వచ్చింది. విత్తనపు పొట్టేలుగా పెంచాల్సిన రెండింటిని కోతకు అమ్మేశాను. ఆ బాధ ఇంకా ఉంది. మీరు మాత్రం జూన్ 28 దాకా ఆగండి. జూన్ 15 సూదికి నవంబర్ 12 ఈత తేదీ. నవంబర్ 17 దాకా పుట్టినవి సూది పిల్లలు. నిలవని గొర్రెలు జూలై మొదట్లో మళ్లీ ఎదకొస్తాయి కాబట్టి, నవంబర్ 23 తర్వాత పుట్టినవి మందలో వదిలిన పొట్టేలు పిల్లలు. ఆ మధ్యలో పుట్టినదాని తండ్రి గడి ఖాళీగానే వదలండి.

ఇంకొక్క మాట. ఒకే రోజు చూలు కడితే ఒకే వారంలో ఈతలు. ఇరవై పిల్లలు ఐదారు రోజుల్లో పడితే రాత్రీ పగలూ మనిషి ఉండాలి. తెలంగాణలో నవంబర్ అంటే వానలు వెనక్కి తగ్గి పచ్చిక ఇంకా ఉండే కాలం, ఇబ్బంది లేదు. నెల్లూరు, ప్రకాశం వైపు నవంబర్ అంటే వాయుగుండాల నెల. తడి దొడ్డిలో పుట్టిన పిల్ల తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. ఆ జిల్లాలవాళ్లు ఆగస్టు 15న సూది వేయించుకుంటే ఈతలు జనవరి 12 ప్రాంతంలో వస్తాయి. క్యాలెండరు ఎదురుగా పెట్టుకుని, ఈత తేదీ నుంచి 150 రోజులు వెనక్కి లెక్కపెట్టండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: మీరు అనుకుంటున్న పొట్టేలు తండ్రి, తాత, ముత్తాత నంబర్లు ఒక కాగితం మీద రాయండి. పక్కనే మీ పది మంచి గొర్రెల తండ్రి, తాతల నంబర్లు రాయండి. రెండు వైపులా ఒకే నంబరు కనబడితే దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఆ కాగితం చేతిలో ఉంచుకుంటే, 7వ పాఠంలో పొట్టేలును వీర్య సేకరణకు అలవాటు చేయడం మొదలుపెడదాం.