పెద్దల సభ పద్దు చదవడం, మూడో పాఠం: జవాబులో మాయమైన ముక్క

పోయిన పాఠం చివర మీకో పని ఇచ్చాను. మీ రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్లినవాళ్లలో ఒకరిని ఎంచుకుని (ఆంధ్రప్రదేశ్‌కు 11 మంది, తెలంగాణకు ఏడుగురు), ఒక సమావేశంలో వాళ్లు అడిగిన ప్రశ్నలన్నీ నోట్‌బుక్‌లో దించుకోమన్నాను. చేసినవాళ్లకు ఈపాటికి ఒక సంగతి తట్టే ఉంటుంది. లెక్క తేలిగ్గానే వస్తుంది, దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం తెలియదు. ముప్పై ప్రశ్నలు వేసినాయన, పది వేసినామె కన్నా మూడింతలు పనిచేసినట్టా? ఇక మంత్రిగా ఉన్న సభ్యుడు ఒక్క ప్రశ్నా వేయడు. జవాబు చెప్పాల్సిందే ఆయన కదా! ఆ సున్నా చూసి బద్ధకస్తుడనుకుంటే పప్పులో కాలేసినట్టే. మొదట్లో నేనూ వేశాను.

అందుకే ఈసారి లెక్క పక్కన పెడదాం. ఒక్క ప్రశ్న చాలు.

ముందు దానికి స్టార్ ఉందో లేదో చూడండి. స్టార్ ఉంటే మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి, లేకపోతే కాగితం మీద జవాబు వస్తుంది. రాజ్యసభలో రోజుకు 15 స్టార్ ప్రశ్నలు, 160 స్టార్ లేనివి. వచ్చిన నోటీసుల్లోంచి ఏవి ఎక్కాలో లాటరీ తేలుస్తుంది. అంటే స్టార్ రావడంలో సభ్యుడి గొప్ప కొంతే, అదృష్టం చాలా. పైగా మధ్యాహ్నం 12కి మొదలై గంటలో ముగిసే ప్రశ్నోత్తరాల సమయంలో పదిహేనూ పూర్తికావడం అరుదు. వంతు రాని స్టార్ ప్రశ్నకూ రాత జవాబే దిక్కు. 2020 వర్షాకాల సమావేశాల రికార్డు తీసినవాళ్లు కంగారుపడకండి. కరోనా వల్ల అప్పుడు ప్రశ్నోత్తరాల సమయమే పెట్టలేదు, రాత జవాబులు మాత్రమే ఇచ్చారు. స్టార్ గడి అందరికీ ఖాళీగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. పార్లమెంటు ప్రశ్నకు ఒక మూస ఉంది. (ఎ) ఫలానాది నిజమేనా, (బి) అయితే వివరాలేమిటి, (సి) కాకపోతే కారణాలేమిటి, (డి) ఎప్పటిలోగా పూర్తిచేస్తారు. ఒక నమూనా చూద్దాం. ఇది నేను అల్లింది, ఏ సభ్యుడిదీ కాదు.

(ఎ) మా జిల్లాలో మంజూరైన రైల్వే ఓవర్‌బ్రిడ్జిలు ఎన్ని? (బి) వాటిలో మూడేళ్లు దాటినా మొదలుకానివి ఎన్ని? (సి) ఇందుకు కారణాలేమిటి? (డి) పూర్తిచేయడానికి గడువేమిటి?

జవాబు: “(ఎ) నుంచి (డి) వరకు: ఓవర్‌బ్రిడ్జిల నిర్మాణం నిరంతర ప్రక్రియ. భూసేకరణ, రాష్ట్ర ప్రభుత్వ వాటా, పలు శాఖల అనుమతులు వంటి అంశాలపై పనుల పురోగతి ఆధారపడి ఉంటుంది. జిల్లాలో ఆరు పనులు మంజూరయ్యాయి.”

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ప్రశ్నలోని నాలుగు ముక్కలు, కుడివైపు జవాబులో వాటికి దక్కినది. (ఎ)కి ఆరు అని వచ్చింది. (సి)కి ఏదో ఒకటి వచ్చింది, ఏ బ్రిడ్జికి ఏ కారణమో చెప్పకుండా. (బి), (డి) గడులు ఖాళీ. నాలుగింటినీ కలిపి ఒకే పేరాలో జవాబు చెప్పారంటే చాలాసార్లు ఏదో ఒక ముక్క అందులో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. ఆ మాయమైన ముక్కను పట్టుకోవడమే ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది.

కొన్ని పడికట్టు మాటలు అలవాటైతే పని ఇంకా సులువు. “ప్రశ్న ఉత్పన్నం కాదు” అంటే (ఎ)కి లేదు అన్నారు కాబట్టి మిగతావి చదవక్కర్లేదని. అది నిజంగా అతికిందో లేదో మీరే చూడండి, (ఎ)ని సభ్యుడే వదులుగా రాసి ఉంటే తప్పు మంత్రిది కాదు. “రాష్ట్ర పరిధిలోని అంశం” అన్నది కొన్నిసార్లు సబబే, కొన్నిసార్లు తప్పించుకోవడం. కేంద్రం సొమ్ము ఎంత వచ్చిందని అడిగితే ఆ మాట చెల్లదు. “సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం” అన్నది కనిపిస్తే మాత్రం ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. అది హామీ కిందకు వస్తుంది. రాజ్యసభలో 1972 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. మంత్రులు ఇచ్చిన హామీలు మామూలుగా మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని అడగాలి. ఎన్ని ప్రశ్నలు వేశారన్నదాని కన్నా, ఎన్ని హామీలు రాబట్టారన్నది నాకు ఎక్కువ చెబుతుంది.

ఖాళీ గడులు దొరికాక సభ్యుడు ఏం చేశాడో వెతకండి. స్టార్ ప్రశ్నయితే వేసిన సభ్యుడికి రెండు అనుబంధ ప్రశ్నలు, అంటే జవాబు విన్నాక అక్కడికక్కడే మళ్లీ ప్రశ్నలు, అడిగే వీలుంది. ఆ రోజు చర్చల ప్రతి తెరిచి చూడండి. (బి) సంగతేమిటని నిలదీశాడా, లేక మంత్రికి కృతజ్ఞతలు చెప్పి వేరే కొత్త రైలు అడిగాడా? స్టార్ లేనిదైతే తర్వాతి సమావేశంలో అదే ప్రశ్న మళ్లీ వేశాడా అన్నది చూడాలి. ఈ వెంటపడే గుణం ఏ పట్టికలోనూ అంకెగా రాదు.

ప్రసంగాల దగ్గరికొస్తే, నిమిషాలు లెక్కపెట్టకండి. చర్చలో సమయం పార్టీ బలాన్ని బట్టి ఇస్తారు. సభ్యులు అత్యవసర సంగతులు లేవనెత్తే జీరో అవర్‌లో మూడు నిమిషాలు దాటితే మైకు ఆగిపోతుంది. ప్రజా సమస్యను సభ దృష్టికి తెచ్చే ప్రత్యేక ప్రస్తావనకు 250 పదాలు మించకూడదు. ప్రసంగంలో చూడాల్సింది ఎవరి నోట ఏ మాట రికార్డుకెక్కింది అన్నది. మనకు బాగా తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. 2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు చర్చలో ప్రధాని మన్మోహన్‌సింగ్, 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటించారు. ఐదు కాదు, పదేళ్లు కావాలని వెంకయ్యనాయుడు పట్టుబట్టారు. ప్రధాని ఇచ్చిన ఆ మాట సభ రికార్డులో ఉంది, చట్టంలో లేదు. తర్వాతి ఏళ్లలో హోదా గురించి వేసిన ప్రశ్నలకు వచ్చిన జవాబులు చదవండి. సభలో ఇచ్చిన మాట ఏమైందని అడిగితే, కేంద్రం పన్నుల్లో రాష్ట్రాల వాటాను సిఫారసు చేసే 14వ ఆర్థిక సంఘం గురించి, పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెరగడం గురించి చెబుతారు. ఎడమ గడి ఒకటి, కుడి గడి మరొకటి. మన రెండు గడుల కాగితానికి ఇంతకన్నా మంచి అభ్యాసం దొరకదు.

అదే రోజు ఆ బిల్లు మూజువాణి ఓటుతో, అంటే సభ్యులు నోటితో అవును, కాదు అనడంతో గట్టెక్కింది. కాబట్టి బిల్లు మీద ఎవరు ఏ వైపు ఓటేశారో పేరుపేరునా చెప్పే పట్టిక ఉండదు. వెతికి టెన్షన్ పడొద్దు. డివిజన్ జరిగితేనే, అంటే ఓట్లు లెక్కపెడితేనే పేర్లు నమోదవుతాయి. అక్కడ కూడా విప్ (ఇలా ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశం) ఉంటే, ఎదురు ఓటేసినా, ఓటేయకుండా ఊరుకున్నా సభ్యత్వానికే ఎసరు రావచ్చు. అందువల్ల అలాంటి ఓటును సభ్యుడి ఖాతాలో కాక పార్టీ ఖాతాలో రాసుకోండి. గైర్హాజరును మాత్రం ఖాళీగా వదలొద్దు. 2019 జూలై 30న ట్రిపుల్ తలాక్ బిల్లుకు అనుకూలంగా 99, వ్యతిరేకంగా 84 ఓట్లు పడ్డాయి. కూడితే 183. నిండు సభ 245. జేడీయూ, అన్నాడీఎంకే సభ్యులు వాకౌట్ చేశారు. సభలో సొంత మెజారిటీ లేని ప్రభుత్వాన్ని ఆ రోజు గట్టెక్కించడంలో ఓటేయనివాళ్ల పాత్ర తక్కువేం కాదు.

ఈసారి పని: మీ నోట్‌బుక్‌లోని ప్రశ్నల్లో మూడింటికి రెండు గడుల కాగితం తయారుచేయండి. ఖాళీ మిగిలిన ప్రతి ముక్క పక్కన, సభ్యుడు మళ్లీ అడిగిన తేదీ రాయండి, అడగకపోతే అడ్డగీత గీయండి. ఇంకొకటి. 2023 సెప్టెంబర్ 21న మహిళా రిజర్వేషన్ బిల్లుకు 214 మంది అవునన్నారు, కాదన్నవారు ఒక్కరూ లేరు. అందరూ ఒప్పుకున్నప్పుడు మూజువాణితో కానివ్వకుండా ఓట్లు ఎందుకు లెక్కపెట్టారు? రాజ్యాంగంలో 368వ అధికరణం తిరగేస్తే దొరుకుతుంది.

జవాబు వచ్చే పాఠం మొదట్లో చెబుతాను. ఆ పాఠం శుక్రవారాల గురించి, అంటే మంత్రులు కాని సభ్యులు సొంతంగా తెచ్చే బిల్లుల గురించి.