ప్రొపెల్లర్ షాఫ్ట్ ఆయిల్ సీళ్లు మార్చడం ఎలా?

బోటు మోటారు అడుగున ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్లుండే పెట్టె, అంటే గేర్‌కేసు నుంచి దించిన ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే అందులో నీళ్లు కలిశాయన్నమాట. ముందుగా అనుమానించాల్సింది ప్రొపెల్లర్ షాఫ్ట్ సీళ్లనే. సీళ్ల ఖరీదు తక్కువే. పట్టించుకోకుండా వదిలేస్తే తుప్పు పట్టే బేరింగులు, గేర్లదే అసలు ఖర్చు.

బ్యాటరీ తీగలు, స్పార్క్ ప్లగ్ తీగలు విప్పాకే ప్రొపెల్లర్ మీద చెయ్యి వేయండి. కింది డ్రెయిన్ స్క్రూ, పై వెంట్ స్క్రూ తీసి ఆయిల్ దించండి. నట్టు, ప్రొపెల్లర్, థ్రస్ట్ వాషర్ ఏ వరసలో వస్తున్నాయో ఫొటో తీసుకోండి. షాఫ్టుకు గాలం దారం చుట్టుకుని ఉంటే దొంగ దొరికినట్టే. సీలు అంచును కోసేది అదే.

సీళ్లుండేది బేరింగ్ క్యారియర్‌లో, అంటే షాఫ్టు బేరింగును పట్టి ఉంచే భాగంలో. దాన్ని రెండు బోల్టులో, పెద్ద రింగ్ నట్టో పట్టి ఉంచుతుంది. ఉప్పునీటిలో తిరిగిన బోటైతే క్యారియర్ కేసుకు కరుచుకుపోతుంది. సుత్తితో బాదితే పగులుతుంది. పుల్లర్ (లాగే పనిముట్టు) బిగించి, కేసును చుట్టూ వేడిచేస్తూ లాగండి. షిమ్‌లు (పలచటి రేకు వాషర్లు) ఉంటే తీసి భద్రపరచండి, గేర్ల మధ్య సందు వాటి మీదే ఆధారపడుతుంది.

పాత సీళ్లు పీకేముందు అవి ఎటు తిరిగి ఉన్నాయో రాసుకోండి. సాధారణంగా రెండూ వీపు వీపు ఆనించి ఉంటాయి: లోపలిది ఆయిల్‌ను ఆపుతుంది, బయటిది నీటిని. తిరగేసి పెడితే కొత్త సీలైనా కారుతుంది. సీలు కూర్చునే గోడకు గీత పడనివ్వకండి.

ఇప్పుడు షాఫ్టు మీద గోరుతో గీరి చూడండి. పాత సీలు అరగదీసిన గాడిలో గోరు తట్టుకుంటే, సీళ్లు మార్చినా లాభం లేదు. షాఫ్టు మార్చాలి, లేదా దానికి సరిపడే స్లీవ్ (పలచటి లోహపు తొడుగు) ఎక్కించాలి.

కొత్త సీళ్లను సరిపడే సాకెట్‌తో వంకర పోకుండా నొక్కండి. రెండింటి మధ్య మెరైన్ గ్రీజు నింపండి. క్యారియర్ ఓ-రింగులూ కొత్తవే వేయండి. షాఫ్టు పళ్ల మీద టేపు చుట్టి క్యారియర్ ఎక్కిస్తే సీలు అంచు తెగదు. ఎక్కాక టేపు తీసేయండి.

ఆయిల్ పోయకముందే గాలి పరీక్ష చేయండి. ఇది మాత్రం మానొద్దు. ఒక స్క్రూ రంధ్రం మూసి, రెండోదాంట్లోంచి 10 పీఎస్‌ఐ దాకా గాలి ఎక్కించి, షాఫ్టు తిప్పుతూ 5 నిమిషాలు చూడండి. ప్రెషర్ గేజీ ముల్లు పడిపోతే, సబ్బునీళ్లు రాసి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో వెతకండి.

ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పైనుంచి పోస్తే గాలి చిక్కుకుంటుంది. పైన బుడగల్లేకుండా పొంగాక ముందు వెంట్ స్క్రూ, ఆ తర్వాత కిందిది కొత్త వాషర్లతో బిగించండి. షాఫ్టు పళ్లకు గ్రీజు రాసి ప్రొపెల్లర్ ఎక్కించండి, కాటర్ పిన్ను కొత్తది వేయండి.

కొన్ని గంటలు నడిపి, బోటు ఒక రాత్రి కదలకుండా ఉన్నాక కింది స్క్రూ కాస్త వదులు చేయండి. నీరు బరువు కాబట్టి, లోపల ఉంటే ముందు కారేది అదే.