హాస్టల్ గదిలో నెట్‌వర్క్ – 3వ పాఠం: ఎక్కడ తెగిందో కనుక్కోవడం

మొదటి పాఠంలో గదికి తగిన ల్యాన్ కేబుల్, యూఎస్‌బీ అడాప్టర్ ఎంచుకున్నాం. రెండో పాఠంలో లాప్‌టాప్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ అడాప్టర్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) చూసి కంప్యూటర్ సెంటర్‌లో నమోదు చేయించాం. ఇప్పుడు అసలు పని. రాత్రి పదకొండింటికి అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేయబోతే పేజీ తెరుచుకోదు. "నెట్ రావట్లేదు" అని కంప్యూటర్ సెంటర్‌కి మెయిల్ పెడితే మర్నాడు మధ్యాహ్నానికి "ఇప్పుడు చూడండి" అని జవాబు వస్తుంది. వాళ్లకీ ఏం జరిగిందో తెలియదు, మీకూ తెలియదు. పది నిమిషాల పరీక్షతో తప్పు మీ గదిలో ఉందో, వింగ్ స్విచ్‌లో (మీ వింగ్ గదుల కేబుళ్లన్నీ కలిసే పెట్టె) ఉందో, అవతల ఉందో మీరే చెప్పగలరు.

పరీక్షను ఎప్పుడూ కింది మెట్టు నుంచే మొదలుపెట్టాలి. తీగ, చిరునామా, గేట్‌వే (మీ నెట్‌వర్క్ నుంచి బయటికి పోయే ద్వారం), పేరు, లాగిన్: ఇదీ వరుస. తీగలోనే తప్పు ఉంటే బ్రౌజర్‌ని ఎన్నిసార్లు మూసి తెరిచినా పని జరగదు. చాలామంది పై మెట్టు నుంచి కిందికి దిగుతారు, అందుకే గంటలు పోతాయి.

ఒక సూచన. ఈ పాఠంలో ఆదేశాలను తెలుగు లిపిలో రాశాం. మీరు వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. ఐపీకాన్ఫిగ్ ఒకే పదం, మధ్యలో ఖాళీ ఉండదు. ఏటవాలు గీతకు, అడ్డగీతకు ముందు మాత్రం ఒక ఖాళీ వదలాలి. విండోస్‌లో ఆదేశాల కిటికీ కోసం విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, సీఎండీ అని కొట్టి ఎంటర్ చేయండి.

తీగ

లాప్‌టాప్‌కో అడాప్టర్‌కో కేబుల్ పెట్టే సాకెట్ పక్కన సాధారణంగా చిన్న లైట్లు ఉంటాయి. ఒక్కటీ వెలగకపోతే విద్యుత్ పరంగానే సంబంధం లేదన్నమాట. ముందు రెండు చివర్లా కేబుల్‌ని "టక్" అని శబ్దం వచ్చేదాకా నొక్కండి. ప్లగ్ మీది ప్లాస్టిక్ నాలుక విరిగి ఉంటే కేబుల్ తనంతట తానే జారుతుంది, మంచం కదిలినప్పుడల్లా నెట్ పోతుంది. తర్వాత మీ కేబుల్‌నీ లాప్‌టాప్‌నీ పక్క గది సాకెట్‌లో పెట్టి చూడండి. అక్కడ లైటు వెలిగితే తప్పు మీ గోడ సాకెట్‌లోనో, దాని వెనక తీగలోనో, వింగ్ స్విచ్ పోర్టులోనో ఉంది. అక్కడా వెలగకపోతే స్నేహితుడి కేబుల్ అడిగి మళ్లీ చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు వస్తువులు ఒకేసారి మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదు.

లైటు వెలుగుతున్నా వేగం పడిపోయిందా? సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్‌నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. మొన్నటిదాకా 1000 ఉండి ఇవాళ 100 చూపిస్తే కేబుల్‌ని అనుమానించండి. ల్యాన్ కేబుల్‌లో 8 తీగలు, అంటే 4 జతలు ఉంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి 1, 2, 3, 6 పిన్నులకు వెళ్లే రెండు జతలు చాలు. 1000కి నాలుగు జతలూ కావాలి. మిగతా నాలుగింటిలో ఒక తీగ తెగినా చాలా పరికరాలు 100కి దిగి పనిచేస్తాయి, అందుకే తప్పు పైకి కనబడదు. తలుపు సందులో నలిగిన కేబుల్‌కి ఇది మామూలే. అడాప్టర్ యూఎస్‌బీ 2.0 రకమైతే మాత్రం 100 చూపడం దాని హద్దే కావచ్చు.

ప్లగ్ మళ్లీ వేయించుకుంటే తీగల వరుస సరిచూసుకోండి. ప్లగ్ నాలుక కిందికి, బంగారు పిన్నులు మీ వైపు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరుస. ఆకుపచ్చ జత పక్కపక్కన లేదేమని కొత్తగా క్రింపింగ్ చేసేవాళ్లు "సరిదిద్దేస్తారు". అప్పుడు 3, 6 పిన్నులకు వేర్వేరు జతల తీగలు వెళ్తాయి. పురి కలవని తీగల మధ్య సంకేతాలు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. పొట్టి కేబుల్‌లో పనిచేసినట్టే ఉంటుంది, పొడవు పెరిగితే తప్పులు మొదలవుతాయి.

చిరునామా

ఈ మెట్టు దగ్గర కాస్త ఆగుదాం. హాస్టళ్లలో అర్థం కాని తగాదాల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి.

ఐపీకాన్ఫిగ్ /ఆల్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. మీరు వాడుతున్న అడాప్టర్ పేరు కింద నాలుగు వరుసలు చూడాలి: ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్ (చిరునామాలు పంచేది), డీఎన్ఎస్ సర్వర్లు (సైటు పేరు అడిగితే దాని అంకెల చిరునామా చెప్పేవి). నాలుగూ కాగితం మీద రాసుకోండి.

చిరునామా 169.254తో మొదలైతే మీ లాప్‌టాప్ అడిగింది కానీ ఎవరూ ఇవ్వలేదు. చివరికి విండోస్ తనకు తానే ఒక అంకె పెట్టుకుంది. దీనితో బయటికి పోలేరు. మ్యాక్ నమోదు పూర్తికాకపోతే కొన్ని క్యాంపస్‌లలో ఇలాగే ఉంటుంది. పక్క గదికీ ఇలాగే వస్తే స్విచ్ నుంచి అవతలికి ఉన్న దారి తెగి ఉండవచ్చు.

చిరునామా వచ్చింది, కానీ హాస్టల్ అంతటికీ 10తో మొదలవుతుంటే మీకొక్కరికీ 192.168.0 అనో 192.168.1 అనో వచ్చిందనుకోండి. ఇది వేరే రోగం. ఆ అంతస్తులో ఎవరో సొంత వైఫై రౌటర్ తెచ్చి తప్పు సాకెట్‌లో గోడ కేబుల్ పెట్టారు.

ఎందుకు ఇలా జరుగుతుందంటే: చిరునామా కావలసిన లాప్‌టాప్ ఒకరిని కాదు, ఆ నెట్‌వర్క్ భాగంలో ఉన్న అందరినీ కేకేసి అడుగుతుంది. మామూలుగా ముందు పలికినవాడి మాటే పుచ్చుకుంటుంది. అసలు సర్వర్ ఎక్కడో కంప్యూటర్ సెంటర్‌లో ఉంటుంది. పక్క గది రౌటర్ గోడ అవతలే ఉంటుంది కాబట్టి తరచూ అదే ముందు పలుకుతుంది. రౌటర్‌కి వ్యాన్ అనే సాకెట్ ఒకటి, ల్యాన్ అనే సాకెట్లు కొన్ని ఉంటాయి. వ్యాన్‌లో గోడ కేబుల్ పెడితే రౌటర్ మీలాగే తానూ ఒక చిరునామా అడుక్కుని తీసుకుంటుంది. ల్యాన్‌లో పెడితే అంతస్తు మొత్తానికీ తానే చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. దాని వెనక బయటికి దారి లేదు గనక తీసుకున్నవాళ్లందరికీ నెట్ ఆగిపోతుంది.

లక్షణం కూడా వింతగా ఉంటుంది. పది గదుల్లో నాలుగింటికి రాదు, ఆరింటికి వస్తుంది. చిరునామాకి గడువు ఉంటుంది. సగం గడువు గడిచాక లాప్‌టాప్ తనకు ఇచ్చిన పాత సర్వర్‌నే అడిగి పొడిగించుకుంటుంది కాబట్టి ఆపకుండా నడుస్తున్న లాప్‌టాప్‌లకి ఏమీ కాదు. కొత్తగా అడిగినవాళ్లే చిక్కుకుంటారు. "రీస్టార్ట్ చేశాకే పోయింది" అని స్నేహితుడు చెప్పే మాట అబద్ధం కాదు.

మీరు చేయగలిగినది రెండు ముక్కల్లో. ముందు ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, తర్వాత ఐపీకాన్ఫిగ్ /రెన్యూ కొట్టండి. ఒక్కోసారి రెండో పోటీలో అసలు సర్వర్ గెలుస్తుంది. గెలవకపోతే ఆ తప్పుడు చిరునామా ఉండగానే ఏఆర్‌పీ -ఏ అని కొట్టండి. తెరమీద 192.168.0.1 ఎదురుగా ఆరు జంటల అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. అది ఆ రౌటర్ మ్యాక్ అడ్రస్. దాన్ని కంప్యూటర్ సెంటర్‌కి పంపండి. ఏ మ్యాక్ ఏ పోర్టు నుంచి వస్తోందో నిర్వహణకు వీలున్న స్విచ్ పట్టికలో ఉంటుంది కాబట్టి ఆ గది సాకెట్‌ని నిమిషాల్లో పట్టుకోవచ్చు. గది గది తిరిగి తలుపులు కొట్టనక్కర్లేదు.

చేయకూడనిది కూడా ఉంది: పని జరుగుతుందని చేత్తో ఒక చిరునామా టైప్ చేసి పెట్టుకోవడం. రేపు అదే అంకెను సర్వర్ మరొకరికి ఇస్తే ఇద్దరికీ నెట్ వచ్చిపోతూ ఉంటుంది, కారణం మాత్రం దొరకదు. ఇది తోటి విద్యార్థికి చేసే అన్యాయం.

రౌటర్ మీదే అయితే ముందు హాస్టల్ నిబంధన చదవండి. చాలా క్యాంపస్‌లలో సొంత రౌటర్ నిషేధం. అనుమతి ఉంటే గోడ కేబుల్‌ని వ్యాన్‌లోనే పెట్టండి. ఇంకో జాగ్రత్త: గదిలో చిన్న స్విచ్ వాడుతుంటే ఒకే కేబుల్ రెండు చివరలూ అదే స్విచ్‌లో పెట్టొద్దు. ఈథర్‌నెట్ ఫ్రేముకి (తీగలో వెళ్లే సమాచారపు మూట) ఎన్ని సార్లు తిరగాలన్న హద్దు లేదు. అందరినీ పిలిచే ఫ్రేములు ఆ వలయంలో తిరుగుతూనే ఉండి వింగ్ మొత్తాన్ని ముంచుతాయి. లైట్లన్నీ ఒకేసారి ఆగకుండా కొట్టుకోవడం దీని గుర్తు.

గేట్‌వే

చిరునామా సరిగా ఉంటే పింగ్ -ఎన్ 50 అని కొట్టి, పక్కన మీ డిఫాల్ట్ గేట్‌వే అంకె వేయండి. అది గేట్‌వేని 50 సార్లు పలకరిస్తుంది, 50 జవాబులు రావాలి. కేబుల్ మీద సాధారణంగా 1 మిల్లీసెకను లోపు, వైఫైలో కొన్ని మిల్లీసెకన్లు. కేబుల్ మీద ఐదారు పోతే మళ్లీ మొదటి మెట్టుకి వెళ్లండి. ఒక్కటీ రాకపోతే తొందరపడొద్దు, కొన్ని గేట్‌వేలు పింగ్‌కి జవాబివ్వకుండా అమర్చి ఉంటాయి. అందుకే నెట్ బాగున్న రోజున ఒకసారి కొట్టి చూసి ఉంచుకోవాలి.

పేరు

క్యాంపస్ లోపలి సైట్లు, అంటే లైబ్రరీ, కోర్సు పేజీలు తెరుచుకోవట్లేదు, బయటివి వస్తున్నాయి అంటే డీఎన్ఎస్ చూడండి. వేగం కోసమని ఎవరో చెప్పగా 8.8.8.8 (గూగుల్ డీఎన్ఎస్ సర్వర్) పెట్టుకుని ఉంటారు. లోపలి సైట్ల పేర్లు చాలాచోట్ల క్యాంపస్ సర్వర్‌కే తెలుసు, బయటి సర్వర్ వాటిని "లేవు" అంటుంది. కొన్ని క్యాంపస్‌ల ఫైర్‌వాల్ బయటి డీఎన్ఎస్‌ని అసలు పోనివ్వదు, అప్పుడు ఏదీ తెరుచుకోదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్‌కి పేరు ఇచ్చి ఉన్నా ఇదే ఇబ్బంది. రెండిటినీ ఆటోమేటిక్‌కి మార్చండి.

లాగిన్

అన్నీ బాగున్నా ఒక్కోసారి క్యాంపస్ లాగిన్ పేజీ కనబడదు. కారణం ఏమంటే ఇవాళ దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్, అంటే బ్రౌజర్‌కీ సైటుకీ మధ్య తాళం వేసిన సంభాషణ. ఆ సంభాషణ మధ్యలో క్యాంపస్ గేటు దూరి తన పేజీ చూపబోతే సర్టిఫికెట్ (సైటు గుర్తింపు పత్రం) సరిపోక బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికను దాటి పాస్‌వర్డ్ కొట్టే అలవాటు చేసుకోవద్దు. ఎస్ లేని హెచ్‌టీటీపీతో మొదలయ్యే పేజీ తెరవండి, నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ ఇందుకోసమే ఉంది. లేదా కంప్యూటర్ సెంటర్ ఇచ్చిన లాగిన్ చిరునామాను బుక్‌మార్క్ చేసుకోండి. వీపీఎన్ నడుస్తుంటే ముందు ఆపాలి.

ప్రతి సైటూ సర్టిఫికెట్ తప్పు అంటుంటే గడియారం చూడండి. పాత లాప్‌టాప్‌లో బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, ఆ తేదీకి ఏ సర్టిఫికెట్టూ చెల్లదు.

ఫోన్ విషయంలో ఇంకొకటి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ బదులు మారు మ్యాక్ చూపిస్తున్నాయి. మ్యాక్ నమోదు అడిగే క్యాంపస్‌లో ఆ ఒక్క నెట్‌వర్క్‌కి మాత్రం అసలు మ్యాక్ వాడేలా మార్చండి. కాఫీ షాపుల్లో మారుదే ఉండనివ్వండి, అది మీ మేలుకే.

ఫిర్యాదు

ఇన్ని చూశాక మెయిల్ ఇలా ఉండాలి:

"బి బ్లాక్, గది 214, గోడ సాకెట్ బి2-28. ఈ రాత్రి 10:40 నుంచి. అడాప్టర్ లైటు వెలుగుతోంది, లింక్ స్పీడ్ 1000. చిరునామా 192.168.0.107, డీహెచ్‌సీపీ సర్వర్ 192.168.0.1. దాని మ్యాక్ ఏఆర్‌పీ నుంచి తీసి జతచేశాను. గది 216లో సరైన చిరునామానే ఉంది. రిలీజ్, రెన్యూ మూడుసార్లు చేశాను, మారలేదు."

చదివినవాళ్లు మీ గదికి రాకుండానే పని మొదలుపెట్టగలరు. సాకెట్ మీద అంటించిన అంకె మరవొద్దు. గది నంబర్ కన్నా అదే ముఖ్యం, స్విచ్ పోర్టుల పట్టికలో సాధారణంగా రాసి ఉండేది అదే.

సాధన

ఈ వారం నెట్ బాగున్న ఒక పూట ఐదు విషయాలు నోట్‌బుక్ చివరి పేజీలో రాయండి: లింక్ స్పీడ్, చిరునామాలో రెండో చుక్క దాకా ఉన్న భాగం, గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్, గేట్‌వేకి 50 పింగ్‌లలో వచ్చిన జవాబులు. తర్వాత కేబుల్ పీకి ఐపీకాన్ఫిగ్ ఏం చూపుతుందో చూడండి. మళ్లీ పెట్టి, చిరునామా రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి.

4వ పాఠంలో ఎడ్యురోమ్, అంటే మీ సంస్థ లాగిన్‌తోనే వేరే సంస్థల్లోనూ వైఫై వాడుకునే ఏర్పాటు. మన దేశంలో దీన్ని ఈఆర్‌నెట్ ఇండియా నడుపుతోంది. ఆ పాఠానికి మీ సంస్థ ఇచ్చిన యూజర్ పేరు, అందులో ఎట్ గుర్తు తర్వాతి భాగంతో సహా, దగ్గర పెట్టుకోండి.