హెడ్‌స్టాక్ మీద పేరు చూడకుండా మంచి బేస్ గిటార్‌ను ఎంచుకోవడం ఎలా?

అమెరికా గిటార్ తయారీదారు లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను, 1960లో జాజ్ బేస్‌ను తెచ్చారు. 1965లో తన ఫెండర్ కంపెనీని అమెరికా మీడియా సంస్థ సీబీఎస్‌కు అమ్మేశారు. ఆ తర్వాత మ్యూజిక్ మ్యాన్ కంపెనీలో స్టింగ్‌రే బేస్ తయారీలో పాలుపంచుకున్నారు. చివరికి జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ కంపెనీ పెట్టి, 1991లో చనిపోయేదాకా అక్కడే పనిచేశారు. తాను చేసినవాటన్నిటిలో జి అండ్ ఎల్ వాయిద్యాలే ఉత్తమమైనవని ఆ కంపెనీ ప్రకటనల్లో ఆయనే చెప్పుకున్నారు. అయినా ఈరోజుకీ బేస్ కొనబోయేవాళ్లలో చాలామంది హెడ్‌స్టాక్ మీద, అంటే ట్యూనింగ్ కీలు ఉండే పైచివర మీద, ఆయన వదిలేసి వచ్చిన కంపెనీ పేరునే ముందు వెతుకుతారు.

ఫెండర్ బేస్‌లు మంచివి కావని నేను అనడం లేదు. వాటి పక్కన చాలా మంచి వాయిద్యాలు ఎవరూ ముట్టుకోకుండా ఉండిపోతున్నాయి. అలాంటిదాన్ని గుర్తుపట్టి, నమ్మకంగా కొనుక్కోవడానికి ఇలా చేయండి.

1. దాన్ని ఎందుకు పట్టించుకోవడం లేదో ముందు తెలుసుకోండి

ఒక బ్రాండ్ మరుగున పడటానికి వాయిద్యంలో లోపమే కారణం కానక్కర్లేదు. మన చెవులు పాత రికార్డులకు అలవాటు పడ్డాయి. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ పాటల్లో జేమ్స్ జేమర్సన్ వాయించింది ప్రెసిషన్ బేస్. జాజ్ కళాకారుడు జాకో పాస్టోరియస్ చేతిలో ఉన్నది జాజ్ బేస్. బేస్ అంటే ఆ రెండు శబ్దాలే అన్నంతగా అవి స్థిరపడిపోయాయి. రికార్డింగ్‌కి పిలిచేవాళ్లు కూడా చాలాసార్లు ఆ టోన్‌నే అడుగుతారు. కాబట్టి వేరేది కొనాలంటే టెన్షన్ సహజమే.

కొన్ని కంపెనీలకు వాటి ఇతర ఉత్పత్తులే అడ్డొస్తాయి. యమహా అనగానే మనకు బైకు, కీబోర్డు గుర్తొస్తాయి. 1977 నుంచి వస్తున్న వాళ్ల బీబీ సిరీస్ బేస్‌ల గురించి బేస్ వాయించేవాళ్లలోనే అందరికీ తెలియదు. పాల్ మెకార్ట్‌నీ, జాయ్ డివిజన్ బ్యాండ్‌కు చెందిన పీటర్ హుక్ వాయించిన బేస్‌లవి. బేసిస్ట్ నేథన్ ఈస్ట్ పేరుతో ప్రత్యేక మోడల్ కూడా వచ్చింది. పీవీ (Peavey) కంపెనీది కూడా ఇదే కథ. అందరికీ ఆ కంపెనీ ఆంప్లిఫయర్లే తెలుసు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని మెరిడియన్‌లో 1978లో మొదలుపెట్టిన టీ-40 బేస్‌కు కంప్యూటర్ అదుపులో నడిచే యంత్రాలతో చెక్క కోశారు. గిటార్ తయారీలో అప్పటికి అది చాలా కొత్త పద్ధతి.

అమెరికా కంపెనీ కార్విన్ చాలాకాలం షాపుల ద్వారా కాకుండా నేరుగా కొనేవాళ్లకే అమ్మింది. షాపులో గోడకు వేలాడని బేస్‌ను ఎవరు వాయించి చూస్తారు? కొరియా కంపెనీ కోర్ట్ సంగతి ఇంకా విచిత్రం. జపాన్ బ్రాండ్ ఇబానెజ్ మోడళ్లు ఎన్నో ఇండోనేషియాలోని కోర్ట్ ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి. వేరే పేరుతో వస్తే ఇష్టంగా కొంటారు, అదే ఫ్యాక్టరీ సొంత పేరు వేసుకుంటే ‘నేర్చుకునేవాళ్ల గిటార్’ అని పక్కన పెడతారు. అయితే ఒకే ఫ్యాక్టరీలో చేసినా చెక్క, పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), తనిఖీ ఇవన్నీ బ్రాండ్‌తో ఉన్న ఒప్పందాన్ని బట్టి మారతాయి. ఫ్యాక్టరీ పేరు విని కొనడం కూడా పేరు చూసి కొనడమే.

మీరు చూస్తున్న బేస్‌ను పక్కన పెట్టడానికి కారణం ఇలాంటిదే అయితే ముందుకు వెళ్లండి. నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి భాగం) వంగిపోతుందనో, విడిభాగాలు దొరకవనో చాలామంది ఒకే మాట చెబుతుంటే మాత్రం అది వినాల్సిన మాటే.

2. బ్రాండ్‌ను కాదు, మోడల్‌ను ఎంచుకోండి

ఒకే కంపెనీ బొమ్మలాంటి బేస్‌నూ చేస్తుంది, జీవితాంతం నిలిచే బేస్‌నూ చేస్తుంది. చౌక మోడల్ ఒకటి వాయించి ‘ఆ కంపెనీ అంతే’ అని తేల్చేయడం వల్లే చాలా పేర్లు దెబ్బతిన్నాయి. యమహాలో టీఆర్‌బీఎక్స్ 174 మొదటి బేస్‌గా సరిపోతుంది. అదే కంపెనీ బీబీ 434లో నెక్‌ను బాడీకి ఆరు స్క్రూలతో బిగించారు, మామూలుగా ఉండేవి నాలుగే. ముందు ప్రెసిషన్ తరహా పికప్, వెనక జాజ్ తరహా పికప్ ఉంటాయి. ఫెండర్ టోన్ అడిగేవాళ్లకు ఇది చాలా దగ్గరగా వెళ్తుందని నా అభిప్రాయం.

సెకండ్ హ్యాండ్‌లో వెతికితే జపాన్‌లోని మట్సుమోకు ఫ్యాక్టరీలో చేసిన ఏరియా ప్రో టూ ఎస్‌బీ బేస్‌లను వదలకండి. మెటాలికా బ్యాండ్ బేసిస్ట్ క్లిఫ్ బర్టన్ చేతిలో ఉన్నది అలాంటిదే. ఆ ఫ్యాక్టరీ 1987లో మూతపడింది కాబట్టి, అక్కడ చేసినదని చెప్పి ఆ తర్వాతి సంవత్సరాల బేస్ అమ్మజూపితే జాగ్రత్తపడండి.

3. తీర్పు చెప్పే ముందు సెటప్ సరిచూడండి

సెటప్ అంటే నెక్ వంపు, తీగల ఎత్తు, స్వరం సరిచేసి పెట్టడం. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. అమ్ముడుపోని బేస్ షాపులో నెలల తరబడి ఉంటుంది. తీగలకు తుప్పు పడుతుంది, నెక్ కొద్దిగా కదులుతుంది. నాలుగు తీగలు కలిసి 70 కిలోలకు పైగా బలంతో నెక్‌ను లాగుతుంటాయి మరి. కోస్తా తేమలో తీగలూ, వాటిని బాడీకి పట్టి ఉంచే బ్రిడ్జీ త్వరగా పాడవుతాయి. హైదరాబాద్ ఎండాకాలపు పొడిగాలికి నెక్ మీది ఫింగర్‌బోర్డ్ చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ల (దాని మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) చివర్లు చేతికి గుచ్చుకుంటాయి. ఇవన్నీ బాగుచేసుకోగలిగినవే. కానీ వాయించినవాళ్లు ‘బాలేదు’ అని చెప్పేసి వెళ్లిపోతారు.

ముందు ట్యూన్ చేయండి. అన్నిటికన్నా లావైన పై తీగను (E స్ట్రింగ్) మొదటి ఫ్రెట్ దగ్గర ఎడమచేత్తో, నెక్ బాడీని కలిసేచోట కుడిచేత్తో నొక్కిపట్టండి. ఏడో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. విజిటింగ్ కార్డు ఒకటి దూరితే దాదాపు సరిపోయినట్టే. సందు అసలు లేకపోయినా, మరీ ఎక్కువైనా నెక్ లోపలి ట్రస్ రాడ్‌ను, అంటే నెక్ వంపును అదుపు చేసే లోహపు కడ్డీని సరిచేయాలి. షాపువాళ్లనే సరిచేసి చూపించమనండి, ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పనివ్వకండి. రాడ్ తిరగకపోయినా, ఎంత తిప్పినా నెక్‌లో మార్పు రాకపోయినా ఆ బేస్ వదిలేయండి, ఎంత తక్కువ ధరకు ఇచ్చినా సరే.

తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు చూడండి. చాలామందికి 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు హాయిగా ఉంటుంది. అక్కడే హార్మోనిక్ మోగించి (తీగను నొక్కకుండా వేలితో తేలిగ్గా తాకి మీటి), ఆ తర్వాత ఫ్రెట్ నొక్కి వాయించండి. రెండూ ట్యూనర్‌లో ఒకే స్వరం చూపించాలి. తేడా ఉంటే బ్రిడ్జి మీద తీగ ఆనే చిన్న ముక్క, అంటే శాడిల్‌ను ముందుకో వెనక్కో జరిపి సరిచేయొచ్చు. చివరగా ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్ వాయించండి. సన్న తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య ఒక స్వరం త్వరగా ఆరిపోవడం ఖరీదైన బేస్‌లలోనూ కనిపిస్తుంది. అది కొద్దిగా ఉంటే భయపడకండి.

4. స్ట్రాప్ తగిలించుకుని నిలబడండి

కూర్చుంటే ఏ బేసైనా బాగానే ఉంటుంది. నిలబడి ఎడమచెయ్యి వదిలేయండి. నెక్ కిందికి వాలిపోతే కచేరీ అంతా ఎడమచేత్తో మోస్తూ వాయించాలి. బరువు కూడా అప్పుడే తెలుస్తుంది. టీ-40ని చాలామంది వదిలేయడానికి దాని బరువే కారణం, అది న్యాయమైన కారణమే. నడుంనొప్పి ఉన్నవాళ్లు శబ్దం కోసం దాన్ని భరించాల్సిన పని లేదు.

5. చూడకుండా వినండి

ఒక స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్లండి. మీరు అటు తిరిగి నిలబడితే, ఆయన రెండు మూడు బేస్‌లను ఒకే ఆంప్లిఫయర్‌లో, ఒకే సెట్టింగ్‌లో, ఒకే లైన్ వాయించాలి. ముందుగా వాల్యూమ్‌లు సమానం చేయించండి. యాక్టివ్ బేస్‌లో తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ శబ్దాన్ని పెంచుతుంది, కాస్త గట్టిగా వినిపించేది మెరుగైనదని చెవి నమ్మేస్తుంది. ఒంటరిగా విన్న తర్వాత డ్రమ్స్ ట్రాక్‌తో కలిపి వినండి. ఒంటరిగా గంభీరంగా మోగిన బేస్ డ్రమ్స్‌తో కలిశాక కనిపించకుండా పోవచ్చు. ఇళయరాజా పాటల్లో బేస్‌ను ఇష్టంగా విన్న చెవికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇక్కడ తొందరపడకండి. జి అండ్ ఎల్ ఎల్-2000నే తీసుకోండి. దాని మీద మూడు చిన్న స్విచ్‌లు ఉంటాయి. ఒకటి పికప్‌ను ఎంచుకోవడానికి, ఒకటి పికప్ కాయిళ్లను సిరీస్‌లోనో ప్యారలల్‌లోనో కలపడానికి, ఇంకొకటి ప్రీఆంప్‌కి. షాపులో రెండు నిమిషాలు వాయించినవాళ్లకు ఏదో ఒక గరుకు సెట్టింగ్ తగులుతుంది, అంతే, తిరిగి గోడకు తగిలించేస్తారు. అది అరగంట అడిగే బేస్. ప్రీఆంప్ ఆపి, స్విచ్‌లు ఒక్కొక్కటే మార్చుతూ వినండి.

6. ధర మాట్లాడండి

పేరు లేని బేస్‌ను తిరిగి అమ్మితే తక్కువ వస్తుంది. రెండేళ్లలో మార్చేసే అలవాటు మీకుంటే ఇది నిజమైన నష్టమే, అప్పుడు పేరున్నదే కొనుక్కోండి. ఉంచుకునేవాళ్లకు మాత్రం సెకండ్ హ్యాండ్‌లో ఇదే లాభం. మునుపటి యజమాని ఆ నష్టం భరించాక మీ చేతికొస్తుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు వాల్యూమ్, టోన్ నాబ్‌లు తిప్పి బరబర శబ్దం వస్తుందేమో వినండి. అది కాంటాక్ట్ క్లీనర్‌తో పోవచ్చు, అయినా బేరానికి పనికొస్తుంది. పికప్‌లు, ట్యూనింగ్ కీలు మామూలు కొలతల్లో ఉన్నాయో లేదో అడగండి, పాడైతే వేరే కంపెనీవి పట్టాలి కదా. కొత్త తీగలకూ, మంచి టెక్నీషియన్ చేత చేయించే సెటప్‌కూ డబ్బు విడిగా ఉంచుకుని, మిగిలిన దానిలోంచే బేస్ ధర చెప్పండి.