టార్క్ రెంచ్ చేత పట్టే ముందు

శ్రీకాకుళంలో ఇంటి ముందే స్టెప్నీ మార్చి, వెంటనే హైవే ఎక్కే వాళ్లు చాలామంది. టార్క్ రెంచ్ అంటే, మనం పెట్టిన బిగింపు అంకె రాగానే ‘టక్’ మనే స్పానర్. దానితో నట్లు బిగించే ముందు ఇవి చూసుకోండి.

మాన్యువల్‌లో మీ కారుకు ఇచ్చిన టార్క్ (నట్టును తిప్పి బిగించే బలం) అంకె చూడండి. చిన్న కార్లకు 100 న్యూటన్ మీటర్ల అటూఇటూగా ఉంటుంది, కానీ చేతి అంచనా వద్దు. ఆ అంకె రెంచ్ రేంజ్ మధ్యలో పడాలి. 40 నుంచి 200 వరకు ఉన్నది చక్రాలకు చాలు. స్పార్క్ ప్లగ్‌కు చిన్నది వేరే కావాలి.

మరలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. ఆయిల్ రాస్తే అదే అంకెకు బోల్టు ఎక్కువ సాగుతుంది. ఎదురెదురు నట్లు వరుసగా, నిదానంగా బిగించండి. ‘టక్’ మనగానే ఆపేయండి, రెండోసారి లాగితే టార్క్ పెరుగుతుంది.

విప్పడానికి మాత్రం వీల్ స్పానరే వాడండి.

పని అయ్యాక రెంచ్‌ను దాని స్కేలులోని అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టండి, అంతకంటే కిందికి వద్దు. ఎక్కువ అంకె మీదే వదిలేస్తే లోపలి స్ప్రింగ్ బలం తగ్గి రీడింగ్ తప్పుతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది, తుడిచి పెట్టెలోనే ఉంచండి.

గట్టిగా కిందపడిందా? కాలిబ్రేషన్ (అంకె సరిగ్గా ఉందో లేదో పరీక్షించి సరిచేయడం) చేయించేదాకా నమ్మకండి. పడకపోయినా ఏడాదికోసారి, లేదా 5000 క్లిక్‌లకోసారి చేయించాలి.