రన్‌వే అయిపోతున్నా బండి లేవడం లేదా? ఎర్ర నాబ్ సంగతి ముందు చూడండి

మే నెల వస్తే చిన్న విమానాలు నడిపే మిత్రుల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు. "అన్నా, బండి లేవట్లేదు. ఇంజిన్ ఓవర్‌హాల్‌కు వచ్చిందంటావా?" పొద్దున ఎగిరారా, మధ్యాహ్నమా అని అడుగుతాను. మధ్యాహ్నమే అంటారు. ఎంతమంది ఎక్కారంటే "మేమే, ఇంట్లోవాళ్లం" అంటారు, ఇంట్లోవాళ్లకు బరువుండదన్నట్టు.

ఇక్కడ చెప్పే అంకెలన్నీ సెస్నా 172ఎస్ అనే నాలుగు సీట్ల చిన్న విమానానివి. మీది వేరే బండి అయితే దాని పుస్తకంలో ఉన్నదే లెక్క. షార్ట్ ఫీల్డ్ టేకాఫ్‌కు, అంటే పొట్టి రన్‌వే మీద నుంచి లేవడానికి, రెక్కల వెనక ఉండే ఫ్లాప్స్ 10 డిగ్రీలు, బ్రేకులు తొక్కిపట్టి ఫుల్ థ్రాటిల్, 51 నాట్ల వేగం దగ్గర లేపడం, అడ్డంకి దాటేదాకా 56. ఇది మీకు వచ్చనే అనుకుంటున్నాను.

కడపలో, ఓర్వకల్లులో అంత పెద్ద రన్‌వే ఉంటే షార్ట్ ఫీల్డ్ గొడవ మనకెందుకని కొందరు అడుగుతారు. రెండు కిలోమీటర్ల రన్‌వే ఏ తప్పునైనా కడుపులో పెట్టుకుంటుంది. అక్కడ అలవాటు పడిన చెయ్యి ఎప్పుడో ఒకరోజు ఎవరిదో 700 మీటర్ల ప్రైవేటు స్ట్రిప్ మీద దిగి, అక్కడి నుంచి మళ్లీ లేవాల్సి వచ్చినప్పుడు దొరికిపోతుంది. అందుకే పెద్ద రన్‌వే మీద కూడా ఎంత దూరంలో లేచానో ప్రతిసారీ రాసిపెట్టుకోమంటాను.

లక్షణం: పరుగు పొడుగైపోతోంది, ఏ పూట ఎగిరినా అంతే

ఏ పూటైనా అదే కథ అయితే నూటికి తొంభైసార్లు బరువే. ఈ ఒక్క పని ఎవరూ చేయరు: మనుషులను కాటా ఎక్కించి తూచడం. అత్తమ్మను ఎంత బరువని అడగడానికి మొహమాటం, అందుకని అరవై అని రాసుకుంటారు. నేను సంచులతో సహా అందరినీ కాటా ఎక్కిస్తాను. కోపం వచ్చినవాళ్లు బస్సులో రావచ్చు.

172ఎస్ గరిష్ఠ టేకాఫ్ బరువు 1157 కిలోలు. మా బండి ఖాళీగా 770. మిగిలేది 387. రెండు ట్యాంకులూ నింపితే వాడుకోగలిగే ఎవ్‌గ్యాస్ (విమానం పెట్రోలు) 200 లీటర్లు, అంటే 144 కిలోలు. ఇక 243 ఉంది. నేను 82, మా ఆవిడ 64, అమ్మ 68, అమ్మాయి 34. మొత్తం 248. ఒక్క సంచి కూడా పెట్టకముందే 5 కిలోలు ఎక్కువ.

ఎవ్‌గ్యాస్ మన వైపు ప్రతిచోటా దొరకదు కాబట్టి దొరికినచోటే నిండా నింపుకోవాలనే భయం అందరికీ ఉంటుంది. లెక్క వేయండి. కడప నుంచి పుట్టపర్తి గాల్లో 115 కిలోమీటర్ల లోపే, ముప్పై ఐదు నిమిషాల పని. గంటకు 35 లీటర్లు తాగే బండికి 100 లీటర్లు పోస్తే పోయి రాగా ఇంకా గంటకు పైగా మిగులుతుంది. ఆ సగం ట్యాంకుతోనే 72 కిలోలు దిగిపోయాయి.

తిరుగు ప్రయాణంలో ఎక్కే సామానును కూడా మర్చిపోవద్దు. పోయేటప్పుడు చేతిసంచి, వచ్చేటప్పుడు చెనిక్కాయల మూట. వెనక సామాను అరలో 54 కిలోలకు మించి పెట్టకూడదు. అది మొత్తం బరువు గురించే కాదు, బరువు వెనక్కి పోతే ముక్కు తనంతట తానే లేస్తుంది, అప్పుడు చేతిలో యోక్ (విమానం స్టీరింగ్) తేలికైపోయి ముందే లాగేస్తారు.

బరువు సరిగ్గా ఉంటే తర్వాత విండ్‌సాక్, అదే గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం. "గాలి లేదన్నా" అన్నప్పుడల్లా నాకు అనుమానమే. వెనక నుంచి 4 నాట్ల గాలి మొహానికి తెలియదు కానీ రన్‌వేకు తెలుస్తుంది. ప్రతి 2 నాట్ల వెనక గాలికీ దూరం 10 శాతం పెరుగుతుందని పుస్తకమే చెబుతోంది. అదే ఎదురుగాలి అయితే 10 శాతం తగ్గడానికి 9 నాట్లు కావాలి. ఈ బేరంలో మనకెప్పుడూ నష్టమే.

లక్షణం: పొద్దున పక్షిలా లేస్తుంది, మధ్యాహ్నం ఎద్దులా కదలదు

నేను దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే దీని గురించి ఎక్కువ చెబుతాను.

ఒక మే నెలలో అమ్మను, ఆవిడను, అమ్మాయిని పుట్టపర్తి తీసుకెళ్లాను. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం రెండున్నరకు. బరువు తూచిందే, ట్యాంకు సగమే, గాలి ఎదురే. మిక్స్చర్ ఫుల్ రిచ్‌లో పెట్టాను. మిక్స్చర్ అంటే గాలిలో పెట్రోలు ఎంత కలవాలో చెప్పే ఎర్ర నాబ్; పూర్తిగా లోపలికి నెడితే పెట్రోలు ఎక్కువ, అది ఫుల్ రిచ్; బయటికి లాగి పెట్రోలు తగ్గిస్తే లీన్. రన్‌వే ఎత్తు 3000 అడుగులు దాటితేనే టేకాఫ్‌కు ముందు మిక్స్చర్ లీన్ చేయాలని పుస్తకంలో ఉంది. పుట్టపర్తి 1558 అడుగులు. నా లెక్కలో తప్పేముంది?

బ్రేకులు వదిలాను. స్పీడు ముల్లు మనసులేనట్టు కదిలింది. సగం రన్‌వేకు లేచే వేగంలో 70 శాతం, అంటే 36 నాట్లు రాకపోతే ఆపేయాలన్నది పాత సూత్రం. రాలేదు. నేను ఆపలేదు, ఇంకా కిలోమీటరుంది కదా అనుకున్నాను. హెడ్‌సెట్‌లో అమ్మ గొంతు, "ఏం నాయనా, రోడ్డు మీదే పోదామా కడపకు?" లేచాం. నిమిషానికి 300 అడుగులు కూడా ఎక్కడం లేదు, ఎదురుగా గుట్టలు. మెల్లగా పక్కకు తిప్పుకుని బయటపడ్డాను. ఇంటికొచ్చి చూసుకుంటే చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

మర్నాడు ఇంజిన్ ఇప్పించాను. ప్లగ్గులు మార్చారు, కంప్రెషన్ చూశారు, ఫ్యూయల్ ఫిల్టర్ కడిగారు. తప్పేమీ దొరకలేదు కానీ బిల్లు దొరికింది. పొద్దున ఆరున్నరకు టెస్ట్ ఫ్లైట్, బండి బ్రహ్మాండం. ప్లగ్గులదే దోషమని అందరం సంతోషించాం.

ఇందులో మోసం అదే. ఈ జబ్బు డాక్టరు గుమ్మం ఎక్కగానే తగ్గిపోయే రకం. రిపేరు చేసినవాళ్లు చల్లటి పూట ఎగిరి చూస్తారు, బాగుంటుంది, మార్చిన పార్టుకు పేరొస్తుంది. మూడు వారాల తర్వాత మళ్లీ అదే మధ్యాహ్నం, అదే బద్ధకం. ఆ రోజు సగం రన్‌వే దగ్గర ఆపేసి వెనక్కి వచ్చాను.

కారణం చెబుతాను. రన్‌వే ఎత్తును ఇంజిన్ పట్టించుకోదు, దానికి కావలసింది గాలి చిక్కదనం. ఎండకు గాలి పలచబడితే 1558 అడుగుల రన్‌వే కొండమీది రన్‌వే అయిపోతుంది. డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలచదనాన్ని బట్టి ఇంజిన్‌కు అనిపించే ఎత్తు, అని పరీక్ష కోసం చదివి మర్చిపోయింది ఇదే. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌ను ప్రామాణిక గాలి పీడనం 1013కు తిప్పి చూశాను, వేసవి అల్పపీడనం వల్ల 1800 చూపించింది. ఆ ఎత్తుకు ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీల పైన, బయట 40. తేడా 28న్నర. ప్రతి డిగ్రీకి 120 అడుగులు కలపండి. 5200 అడుగులు!

అంటే ఆ రోజు మేం టేకాఫ్ చేసింది పుట్టపర్తి నుంచి కాదు, ఊటీ దారిలో ఎక్కడి నుంచో. టర్బో లేని ఇంజిన్‌కు ప్రతి వెయ్యి అడుగులకు సుమారు 3 శాతం బలం పోతుంది, ఇక్కడే 15 శాతం గాయబ్. దాని మీద మనం ఫుల్ రిచ్ పెట్టి, పలచటి గాలిలో పెట్రోలు ఎక్కువై ఇంజిన్‌కు ఊపిరాడకుండా చేస్తాం. మొదటి నష్టం ఆపలేనిది. రెండోది మన చేత్తో చేసుకున్నది. డెన్సిటీ ఆల్టిట్యూడ్ 5000 దాటినా, ఎండ బాగా ఉన్నా ఫుల్ రిచ్‌లో బలం తగ్గవచ్చు, మిక్స్చర్ సరిచేసుకోవచ్చని ఇంజిన్ చేసిన లైకమింగ్ వాళ్లే చెప్పారు. మనం 3000 అంకెను గుర్తుపెట్టుకుని, రన్‌వే ఎత్తుతో పోల్చుకుని, పాస్ అయిపోయామనుకుంటాం.

పరిష్కారానికి రెండు నిమిషాలు పట్టదు. కంకర లేని చోట నిలబడండి, లేకపోతే ప్రొపెల్లర్ రాళ్లు ఏరుకుంటుంది. బ్రేకులు గట్టిగా తొక్కి ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. నిలబడిన బండిలో ఆర్‌పీఎం 2300, 2400 మధ్య ఉండాలి. ఆపేసి వెనక్కి వచ్చిన ఆ మధ్యాహ్నం నాకు 2260 చూపించింది. ఎర్ర నాబ్‌ను మెల్లగా, మరమీద తిప్పుతూ బయటికి లాగాను. 2280. ఇంకాస్త. 2310. 2330. ఇంజిన్ గొంతు మారింది, దగ్గు తగ్గి బిగువు వచ్చింది. ఇంకొంచెం లాగితే ముల్లు కిందికి జారడం మొదలైంది. అక్కడ ఆగి, ఆ శిఖరం దాటి రిచ్ వైపుకు కాస్త లోపలికి నెట్టి వదిలేశాను. అదే మనుషులు, అదే మూటలతో బండి రన్‌వే సగానికి ముందే లేచింది.

శిఖరం మీదే వదిలేయొద్దు, సిలిండర్లు మరీ వేడెక్కవచ్చు. ఎక్కేటప్పుడు ముక్కు మరీ లేపకుండా, ఇంజిన్ వేడి చూసుకుంటూ పోవాలి. ఇంకోటి, కడప ఎత్తు 430 అడుగులే. 41 డిగ్రీల ఎండలో కూడా డెన్సిటీ ఆల్టిట్యూడ్ 4000కు కాస్త తక్కువే ఉంటుంది. అక్కడ ఫుల్ రిచ్‌లో ఆర్‌పీఎం సరిగ్గా వస్తుంటే నాబ్ ముట్టుకోనక్కర్లేదు. పుట్టపర్తిలో లీన్ చేసి అలాగే కడపకు దిగుతూ రిచ్ చేయడం మర్చిపోతే ఇంకో ప్రమాదం: గో అరౌండ్ కొట్టాల్సి వచ్చినప్పుడు, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవాల్సి వచ్చినప్పుడు, ఇంజిన్ ఎండిపోతుంది. ల్యాండింగ్ చెక్‌లిస్టులో మిక్స్చర్ అన్నమాట ఊరికే లేదు.

లీన్ చేసినంత మాత్రాన ఎండ తగ్గదు, అది గుర్తుండాలి. నిండు బరువుతో, సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీలలో 50 అడుగుల అడ్డంకి దాటడానికి ఈ బండికి 1630 అడుగులు, అంటే 500 మీటర్లు పడుతుంది. మే మధ్యాహ్నం పుట్టపర్తిలో అది మూడోవంతు మించి పెరిగి 700 మీటర్ల దగ్గరికి వచ్చేస్తుంది. పుస్తకంలో పట్టిక చూడండి. ఆ 700 మీటర్ల స్ట్రిప్ ఇప్పుడు గుర్తుకు రావాలి.

లక్షణం: దిగేటప్పుడు తేలిపోతోంది, చక్రం ఆనదు

ఇంట్లోవాళ్లు ఉన్నారని మెత్తగా దించాలనుకుంటాం. భయానికి 5 నాట్లు, అత్తమ్మకు ఇంకో 5. షార్ట్ ఫీల్డ్‌కు 61 నాట్లు ఉండాల్సింది 71 అయితే బండిలో ఉన్న శక్తి మూడోవంతుకు పైగా పెరిగినట్టే, అదంతా రన్‌వే మీదే కరిగించాలి. ఎండలో ముల్లు 61 అన్నా గాలిలో అసలు వేగం నాలుగైదు నాట్లు ఎక్కువే. నేల పరుగెడుతున్నట్టు కనిపిస్తుంది, అందుకని ముల్లు చూడకుండా చేతితో వేగం తగ్గించేస్తారు, అది ఇంకా ప్రమాదం. ముల్లునే నమ్మండి, ఆ 5 అదనాలు మాత్రం వదిలేయండి. చక్రం ఆనిన వెంటనే ఫ్లాప్స్ ఎత్తి, యోక్ వెనక్కి లాగి పట్టుకుని బ్రేకు తొక్కితే పడుతుంది.

మిగతావి

రన్‌అప్‌లో, అంటే లేచే ముందు ఇంజిన్ పరీక్షలో, ఒక మ్యాగ్నెటోకు (ప్లగ్గులకు కరెంటు ఇచ్చేది) 150 ఆర్‌పీఎం మించి పడిపోతే, ఫుల్ రిచ్‌లో నేలమీద నడిపి ప్లగ్గులకు సీసం పట్టించారు. ఆర్‌పీఎం పెంచి లీన్ చేసి ఒక నిమిషం కాల్చండి, పోకపోతే ఎగరొద్దు. బ్రేకు పట్టేసి ఉందా అంటే చేత్తో తోసి చూస్తే తెలుస్తుంది. టైర్లో గాలి, ప్రొపెల్లర్ అంచులో గంటు, ఎగిరేముందు తనిఖీలోనే కనిపిస్తాయి. ఇంజిన్ నిజంగా అరిగిపోయి ఇలా అవడం నేను చూసింది ఒక్కసారే, అది పొద్దున కూడా లేవలేదు.

వెనక సీట్లో పిల్లలకు వాంతులైతే ఇంజిన్‌కు సంబంధం లేదు. ఎండెక్కాక రాళ్లగుట్టల మీదుగా లేచే గాలి అది. పొద్దున తొమ్మిదిలోపు బయల్దేరితే సగం తగ్గుతుంది, మిగతా సగానికి ఖాళీ కడుపు వద్దు, రెండు ఇడ్లీలు చాలు. అమ్మ ఇప్పటికీ నా పక్కన ముందు సీట్లోనే కూర్చుంటుంది, ఆర్‌పీఎం ముల్లు చూసి "2330 వచ్చిందా నాయనా?" అని అడిగాకే బెల్టు బిగించుకుంటుంది. చెనిక్కాయల మూటను ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాం.